పొద్దుటి బిగువు
(విజయనగరంలో స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకురాలిని కాను. ఇరవై రెండేళ్ళుగా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. అంటే రోజూ పది పదిహేను మంది నడుములూ, మోకాళ్ళూ, చేతివేళ్ళూ పట్టుకుని చూసే పని. ఈ సమావేశానికి నన్ను పిలిచినప్పుడు సంఘంలోని ఒక అమ్మాయి, "హక్కుల సభలో కీళ్ళ నొప్పుల గురించి ఏం చెప్తారు మేడమ్? గర్భసంచి ఆపరేషన్ల గురించి ఎవరిచేతనైనా మాట్లాడిద్దామనుకున్నాం" అంది. "రెండూ ఒకటే కథమ్మా" అన్నాను. ఎందుకలా అన్నానో ముందు అదే చెప్తాను.

పొందూరు వైపు నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చేది. పేరు చెప్పను. రాట్నం వడికే ఇల్లు. పొందూరు ఖద్దరు సంగతి మీకు తెలిసిందే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చుట్టి, నేలమీద కూర్చుని గంటలకొద్దీ సన్నటి నూలు తీస్తారు. ఆమెకి ఇరవై నాలుగో ఏట, రెండో కాన్పు అయిన ఏడాదికి, నడుం నొప్పి మొదలైంది. ముందు బాలింత వాతమన్నారు. పథ్యం సరిగా చెయ్యలేదని అత్తగారు దెప్పింది. తర్వాత గ్యాస్ అన్నారు. తర్వాత నరాల బలహీనత అన్నారు. బలానికి సూదిమందులు పొడిచారు. ఇరవై తొమ్మిదో ఏట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "గర్భసంచి వాచింది, నడుం నొప్పి దానివల్లే, తీసేస్తే పోతుంది" అన్నారు. తీసేశారు. అప్పు చేసి మరీ తీయించారు. మూడు నెలలు మంచం మీద ఉంది. లేచాక చూసుకుంటే నొప్పి ఎక్కడున్నది అక్కడే ఉంది. పైగా మంచం మీద పడుకున్నందుకు ఇంకా బిగిసింది.

ముప్పై మూడో ఏట ఆమె నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను: "ఎప్పుడెక్కువ ఉంటుందమ్మా?" అని. ఆ ప్రశ్న అంతకు ముందు తనని ఎవరూ అడగలేదట. ఆమె చెప్పింది: "తెల్లారగట్ల అమ్మా. కోడి కూసీ వేళకి మెలకువొచ్చేస్తాది. నడుములో కర్ర దూర్చినట్టుంటాది. ఒక పక్కకి ఒత్తిగిలాలంటే మా పాపని పిలవాలి. లెగిసి, కల్లాపి జల్లి, నీల్లు తోడి, అటూ ఇటూ తిరిగితే అప్పుడు సదురుకుంటాది. మల్లీ కూకుంటే మొదలు." ఆమె చెప్పిన ఆ నాలుగు మాటల్లో జబ్బు పేరు ఉంది. తొమ్మిదేళ్ళు ఎవరూ వినలేదు, అంతే.

ఆ జబ్బుని ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ అంటారు. వెన్నెముక కీళ్ళలోనూ, వెన్ను అడుగున తుంటి ఎముకలతో కలిసే చోటా వాపు వస్తుంది. వాపు మళ్ళీ మళ్ళీ వచ్చి, అది మానే క్రమంలో అక్కడ కొత్త ఎముక పెరిగి, కాలం గడిచేకొద్దీ పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పని ఎక్కువై వచ్చే నడుం నొప్పి వేరు, ఇది వేరు. పనివల్ల వచ్చిన నొప్పి పడుకుంటే తగ్గుతుంది, పని చేస్తే పెరుగుతుంది. ఇది తల్లకిందులు. పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. నలభై ఏళ్ళలోపు, నెమ్మదిగా, ఎప్పుడు మొదలైందో చెప్పలేనట్టుగా మొదలై మూడు నెలలు దాటడం, రాత్రి రెండో సగంలో నిద్ర లేపడం, పొద్దున్న అరగంటకు పైగా బిగువు, పిరుదుల్లో ఒకసారి కుడివైపు ఒకసారి ఎడమవైపు నొప్పి - ఇవి కనబడితే అనుమానించాలి. కొందరికి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేనంత నొప్పి వస్తుంది. దాన్ని కళ్ళకలక అనుకుని చుక్కలు వేసుకుని ఊరుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళాలి. ఒక మాట కూడా జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి: నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళు తిమ్మిరెక్కి బలం పోవడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే అది వెన్ను క్షయ కావచ్చు, ఇంకొకటి కావచ్చు. అప్పుడు వ్యాయామం కాదు, ముందు ఆసుపత్రి.

ఈ జబ్బు చాలా కాలం మగవాళ్ళ జబ్బుగానే పుస్తకాలకెక్కింది. పదిమంది మగవాళ్ళకి ఒక ఆడమనిషి అని రాసేవారు. నేను చదువుకున్నప్పుడు మాకూ దాదాపు అలాగే చెప్పారు. ఇప్పుడు ఆ లెక్క ఇద్దరు ముగ్గురు మగవాళ్ళకి ఒకరికి వచ్చింది. ఎక్స్‌రేలో ఇంకా మార్పు కనబడని తొలిదశలో చూస్తే ఇంచుమించు సమానమే. స్త్రీలలో ఎక్స్‌రే మార్పులు ఆలస్యంగా వస్తాయి, మెడ నొప్పి, చేతుల కాళ్ళ కీళ్ళ నొప్పులు ఎక్కువగా ఉంటాయి. దాంతో జబ్బు గుర్తించడం మగవాళ్ళకన్నా ఆలస్యమవుతుంది. ఇది మన దగ్గర మాత్రమే కాదు, అన్ని దేశాల్లోనూ ఇదే. మన దగ్గర ఇంకొకటి తోడైంది: నడుం నొప్పి అని ఆడమనిషి నోరు తెరిస్తే వేలు గర్భసంచి వైపే చూపిస్తారు. అందుకే ఆ అమ్మాయితో రెండూ ఒకటే కథ అన్నది.

1973లో ఈ జబ్బుకీ, హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువుకీ సంబంధం ఉందని ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ వేర్వేరుగా కనిపెట్టారు. ఆ రక్తపరీక్ష ఇప్పుడు విశాఖలో అయినా చేయించుకోవచ్చు. అయితే ఆ జన్యువు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జబ్బు రానేరాదు. పరీక్ష కాగితం చూసి పెళ్ళి సంబంధాలు చెడగొట్టిన సంగతులు రెండు నాకు తెలుసు. రెండింటిలోనూ కాగితం ఆడపిల్లదే. మగపిల్లాడి రక్తం ఎవరూ అడగరు.

రెండో జబ్బు మీకు బాగా తెలిసినదే, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మనవాళ్ళు కీళ్ళవాతం అనేది ఎక్కువగా దీన్నే. ఇది మగవాళ్ళకన్నా స్త్రీలకి రెండు మూడు రెట్లు ఎక్కువ. చేతివేళ్ళ మొదటి కణుపులు, మణికట్లు, కాలివేళ్ళు రెండు పక్కలా ఒకేలా వాస్తాయి. పొద్దున్న గంట, గంటన్నర పిడికిలి బిగించలేరు. వైద్యం లేక ఏళ్ళు గడిస్తే వేళ్ళు చిటికెనవేలి వైపుకి వాలిపోతాయి. పలాస, కాశీబుగ్గలో జీడిపప్పు పనికి వెళ్ళే స్త్రీల చేతులు చూశారా ఎప్పుడైనా? జీడి రసానికి వేళ్ళు కాలి నల్లబడి ఉంటాయి. పిక్క కొట్టడం, పప్పు తీయడం, పొట్టు వలవడం, అంతా వేళ్ళ చివర్ల పని. కూలి కిలో లెక్కన. పొద్దున్న రెండు గంటలు వేళ్ళు ముడుచుకోకపోతే ఆ రెండు గంటల కూలి పోయినట్టే. ఈ పనివల్ల రుమటాయిడ్ వస్తుందని నేననడం లేదు. అది శరీరంలోని రక్షణ వ్యవస్థ తన కీళ్ళ మీద తనే తిరగబడడం వల్ల వచ్చేది. కానీ జబ్బు వచ్చిన చేతికి ఆ పని ఎంత ఖరీదవుతుందో లెక్క కట్టినవాళ్ళు లేరు. 2006 ప్రాంతంలో చికున్‌గున్యా ఊళ్ళకి ఊళ్ళని మంచాన పడేసిన తర్వాత, జ్వరం తగ్గి నెలలు గడిచినా కీళ్ళు వాచే ఉన్న స్త్రీలు చాలామంది వచ్చారు. వాళ్ళ నొప్పినీ రుమటాయిడ్‌నీ విడదీసి చూడాలంటే కీళ్ళ డాక్టరు కావాలి. రెండు జిల్లాల్లో ఎక్కడా దొరక్క విశాఖ వెళ్ళేవారు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే.

మరి దగ్గరలో దొరికేదేమిటి? నొప్పి మాత్ర. ఏ కిరాణా కొట్టుకి వెళ్ళినా ఇస్తారు. ఈ విషయం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ సభలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఎంతోమంది వచ్చి పరిశోధించినా ఇదీ కారణమని ఒక్కదాన్ని తేల్చలేకపోయారు. అందువల్ల నొప్పి మాత్రలవల్లే వస్తోందని నేను చెప్పడం లేదు. కానీ నొప్పి మాత్రలు కిడ్నీ మీద భారం వేస్తాయన్నది తేలిన సంగతి. ఎండలో పనిచేసి ఒళ్ళు ఎండిపోయినప్పుడు మరీను. వెన్ను వాపు జబ్బుకి ఈ మాత్రలే తొలి మందు కూడా. డాక్టరు రాస్తే వాడాలి, తప్పదు. అయితే రక్తంలో క్రియాటినిన్ చూపించుకుంటూ వాడాలి. కొట్టులో కొన్న రంగురంగుల మాత్రల పొట్లం సంగతి వేరు. అందులో స్టిరాయిడ్ కలిసి ఉంటే నాలుగు రోజులు ఒళ్ళు దూదిపింజలా తేలిపోతుంది, ముఖం నిండుగా అవుతుంది, "మందు పనిచేసింది" అనుకుంటారు. తర్వాత ఎముకలు డొల్లవుతాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచారు. మంచిదే. కిడ్నీ చెడ్డాక వెళ్ళే చోటు అది. చెడకముందు, నొప్పి మాత్ర మోతాదు తగ్గించగలిగే పని ఒకటుంది. అదే వ్యాయామం. అది నా వృత్తి కాబట్టి చెప్పడం లేదు.

ఫిజియోథెరపీ అంటే మన ఊళ్ళలో "కరెంటు పెట్టించుకోవడం". "మేడమ్, పది రోజులు కరెంటు పెట్టండి" అని వస్తారు. యంత్రం పెడితే వేడిగా, హాయిగా ఉంటుంది. మైనం వేడి చేసి చేతులు ముంచితే వేళ్ళు వదులవుతాయి. నేనూ చేస్తాను. కానీ అది తలుపు తీయడం వరకే. లోపలికి నడవాల్సింది వ్యాయామంతోనే. ఒకప్పుడు డాక్టర్లు కూడా కీళ్ళవాతానికి మంచం పట్టి పడుకోమనే చెప్పేవారు. వెన్ను జబ్బుకైతే బ్రిటన్‌లో 1930ల నుంచి 50ల దాకా వేలమందికి వెన్ను మీద ఎక్స్‌రే కిరణాలు పెట్టారు. నొప్పి తగ్గేది. 1957లో కోర్ట్ బ్రౌన్, డాల్ అనే ఇద్దరు లెక్క తీస్తే, అలా కిరణాలు పెట్టించుకున్నవాళ్ళలో రక్త కాన్సరు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అలాంటి వైద్యాలన్నీ వెళ్ళిపోయాయి, వ్యాయామం మిగిలింది. ఇప్పుడు మంచి మందులు చాలా వచ్చాయి. అయినా 2018లో యూరపు కీళ్ళ వైద్యుల సంఘం ఇలాంటి జబ్బులన్నిటిలో శరీర శ్రమ క్షేమమనీ, వైద్యంలో అదొక భాగమనీ రాసింది. వెన్ను జబ్బు మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు ఇంకో సంగతి చెప్పారు: అసలు చేయనిదానికన్నా ఇంట్లో ఒంటరిగా చేయడం మేలు, ఒంటరిగా చేయడం కన్నా నలుగురూ కలిసి, నేర్పేవాళ్ళ ఎదుట చేయడం ఇంకా మేలు. ఈ మాట మళ్ళీ వస్తుంది.

వెన్ను జబ్బుకి చేయించేది పెద్ద కష్టమైనదేమీ కాదు. బోర్లా పడుకోవడం, పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకి రెండుసార్లు. వీపు, తుంటి ముందుకి వంగిపోకుండా ఉండటానికి అది. ఎత్తు తలగడ మానడం. చేతులు తలవెనక పెట్టి ఛాతీ నిండా గాలి పీల్చడం. పక్కటెముకల కీళ్ళు కూడా బిగుస్తాయి కాబట్టి ఛాతీ విప్పారడం తగ్గుతుంది. టేపు పెట్టి కొలుస్తాం. మామూలు మనిషికి ఐదు సెంటీమీటర్ల దాకా పెరిగే ఛాతీ వీళ్ళకి రెండున్నర కూడా పెరగదు. పొందూరు ఆమెకి మొదటిసారి కొలిస్తే ఒకటిన్నర వచ్చింది. తర్వాత తుంటి ముందరి కండరాలు సాగదీయడం, మెడ మెల్లగా తిప్పడం, నడక. మొదలుపెట్టేముందు వేడినీళ్ళ స్నానం.

ఇంతే. కానీ ఈ "ఇంతే" ఎక్కడ చేయాలి, ఎప్పుడు చేయాలి? అసలు సంగతి అక్కడుంది. కొత్తల్లో నేను చేసిన తప్పు చెప్తాను. వ్యాయామాలు నేర్పి పంపేదాన్ని. పదిహేను రోజుల తర్వాత వస్తే చేయలేదని తెలిసేది. కోప్పడేదాన్ని. రిజిస్టరులో "పేషెంటు సహకరించడం లేదు" అని రాసేదాన్ని. ఏడాది తర్వాత ఆ రిజిస్టరు తిరగేస్తే ఆ మాట పక్కన ఉన్నవన్నీ ఆడవాళ్ళ పేర్లే. మగవాళ్ళు చేస్తున్నారు, ఆడవాళ్ళు చేయడం లేదు. బద్ధకమా? నాలుగున్నరకి లేచే మనిషికి బద్ధకమేమిటి? పొందూరు ఆమెని గట్టిగా అడిగితే చెప్పింది: "మాది ఒక్కటే గది అమ్మా. మావగారు వసారాలో కూకుంటారు. పొద్దున్నపూట కోడలు బోర్లా పడుకుంటే ఏటంటారు?"

నాకు సిగ్గేసింది. నేను చాపా, గదీ, తలుపూ, ఇరవై నిమిషాలూ అందరికీ ఉన్నాయనుకుని మందు రాశాను. మగవాడు వసారాలో చాప వేసుకుని వ్యాయామం చేస్తే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది, ఆయనకి కాఫీ కూడా అక్కడికే వస్తుంది. కోడలు అదే చాప వేసుకుంటే పని ఎగ్గొట్టడం. ఇంకో మాట కూడా ఉంది, మీరందరూ విన్నదే: "ఇంట్లో అంత పని చేస్తాది కదా, మళ్ళీ వ్యాయామం దేనికి?" పని వ్యాయామం కాదు. నాట్లు వేసేటప్పుడు నడుం ఒక్క వైపుకే, ముందుకే వంగుతుంది, గంటలకొద్దీ. రాట్నం దగ్గరా అంతే. కట్టెల పొయ్యి దగ్గరా అంతే. వెన్ను జబ్బు మనిషిని ఏ వైపుకి వంచుతుందో ఆ వైపుకే ఇంటిపనీ వంచుతుంది. వ్యాయామం వెనక్కి తీసుకురావడానికి. ఇక్కడ మగవాళ్ళు వలస వెళ్ళిన ఇళ్ళలో పొలమూ ఇల్లూ ఒక్క మనిషి మీదే ఉంటాయి. ఆమెకి వెనక్కి వాలే ఇరవై నిమిషాలు ఎవరిస్తారు?

అప్పట్నుంచి నేను మందు చీటీ మీద రాయడం మొదలుపెట్టాను. "రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాలు, చాప మీద, తలుపు వేసి. ఆ సమయంలో వేరే పని చెప్పకూడదు" అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చేదాన్ని. నోటితో చెబితే విననివాళ్ళు కాగితానికి వింటారు. పొందూరు ఆమె అత్తగారికి చదువు రాదు, మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుందట. ఆ తర్వాత తనే వసారాలోంచి "లోపలికెవరూ ఎల్లకండి, అది మందేసుకుంటంది" అనేదట. ఆ పెద్దావిడ మీద నాకు కోపం పోయింది. ఆవిడకి కూడా మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి, ఆవిడకి ఎవరు రాసిచ్చారు?

చేతుల జబ్బుకి ఇంకో పద్ధతి. వాపు మండుతున్నప్పుడు బలవంతం చేయకూడదు. కీలుని మెల్లగా ఉన్నంతమేర కదపడం, రాత్రిపూట చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఆనుడు కట్టుకోవడం, అంతవరకే. వాపు చల్లారాక బలం పెంచే వ్యాయామాలు. వీటితో పాటు పని చేసే తీరు మార్చుకోవాలి. బిందె వేళ్ళతో మెడ పట్టి ఎత్తకుండా రెండు అరచేతులూ కింద పెట్టి ఎత్తండి. బట్ట మెలిపెట్టి పిండకండి. కుళాయికి చుట్టి లాగండి, లేదా నీరు కారేలా ఆరెయ్యండి. సంచీ వేళ్ళకి కాకుండా మోచేతికి తగిలించుకోండి. చీపురుకి పొడుగు కర్ర కట్టండి. పొయ్యి గట్టు మీదికి ఎక్కించండి. ఇవన్నీ చెప్పాక ఒకామె నాతో, "బట్టలు మా ఆయన పిండితే కీళ్ళు అరగవు కదా, అది కూడా రాయండి" అంది. రాశాను. ఆయన పిండాడో లేదో నాకు తెలియదు.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నించుకుంటే పట్టు వదులుతుందని మన ఊళ్ళలో నమ్మకం. మామూలు పట్టుకి అది నవ్వుకునే సంగతి. పూసలు అతుక్కున్న వెన్నుకి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది, అది సుద్దముక్కలా విరుగుతుంది. చాలాకాలంగా రుమటాయిడ్ ఉన్నవాళ్ళ మెడ పైపూసలు వదులై ఉండొచ్చు. వాళ్ళ మెడని ఎవరూ చటుక్కున తిప్పకూడదు, ఫిజియోథెరపిస్టు అయినా సరే.

పెళ్ళి, కాన్పు గురించి రెండు మాటలు. రుమటాయిడ్‌కి ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే విషం. చదువు రానివాళ్ళకి ఆ వారం పేరు చెప్పి, కాలెండరు మీద గుర్తు పెట్టి ఇవ్వాల్సిన బాధ్యత ఇచ్చేవాళ్ళది. గర్భం రాకముందే ఆ మందు మానాలి, అదీ డాక్టరుతో మాట్లాడి. చాలామందికి గర్భంతో ఉన్నప్పుడు రుమటాయిడ్ తగ్గుతుంది, కాన్పయ్యాక కొన్ని నెలల్లో ఎగదన్నుతుంది. సరిగ్గా బిడ్డని ఎత్తుకోవాల్సిన వేళ. "బిడ్డని చూసుకోవడం చేతకాదు" అన్న మాట అప్పుడే పడుతుంది. వెన్ను జబ్బుకైతే గర్భంలో ఆ తగ్గుదల కూడా సాధారణంగా ఉండదు. జబ్బు దాచి పెళ్ళి చేసిన ఇళ్ళలో అమ్మాయి మందులు బట్టల అడుగున దాచుకుని మింగుతుంది, వ్యాయామం ఎలాగూ దాచుకుని చేయలేదు కాబట్టి మానేస్తుంది.

ఇక హక్కు సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం, 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, వాటిని ఇరవై ఒకటి చేసింది. ఆ చట్టం నాలుగో సెక్షను వైకల్యం ఉన్న స్త్రీలు ఇతరులతో సమానంగా హక్కులు అనుభవించేలా ప్రభుత్వం చూడాలంటుంది. ఇరవై ఐదో సెక్షను దగ్గరలోనే, ముఖ్యంగా పల్లెల్లో, ప్రభుత్వం ప్రకటించిన ఆదాయ పరిమితికి లోబడి ఉచిత వైద్యం అందాలంటుంది. కీళ్ళ జబ్బుల పేర్లు ఆ ఇరవై ఒకటిలో విడిగా లేవు. చేతులూ కాళ్ళూ వెన్నూ ఎంత కదులుతున్నాయో కొలిచి, కదలికకి సంబంధించిన వైకల్యం కింద శాతం ఇస్తారు. నలభై శాతం వస్తే పింఛను, ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషను. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఈ పింఛను నెలకి ఆరు వేల రూపాయలు. చిన్న మొత్తం కాదు.

అయితే ఆ కొలత ఎప్పుడు జరుగుతుంది? సీతంపేట కొండల మీది నుంచి ఒక సవర స్త్రీ సర్టిఫికెట్టు కోసం వెళ్ళింది. తెల్లవారుజామున బయలుదేరి కొండ దిగి, ఆటో ఎక్కి, బస్సు ఎక్కి, వరసలో నిలబడి, పన్నెండు గంటలకి డాక్టరు ముందుకి చేరింది. ఐదారు గంటలు నడిచీ తిరిగీ ఉంది కాబట్టి అప్పటికి పొద్దుటి బిగువు సడలింది. చెయ్యెత్తమంటే ఎత్తింది, పిడికిలి మూయమంటే మూసింది. శాతం చాలదన్నారు. పొద్దున్న ఐదింటికి ఆమె గుమ్మం గడియ తీయలేదు. ఆ ఐదు గంటల వేళకి కొలత లేదు. హెచ్చుతగ్గులుండే జబ్బుని ఒక్క పూట చూసి తేల్చకూడదు. పొద్దున్న బిగువు ఎంతసేపు ఉంటుందో, మండినప్పుడు ఎన్ని రోజులు మంచం పడుతుందో వైద్యం చేసినవాళ్ళు రాసిచ్చిన కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇది సంఘం అడగాల్సిన మాట. అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది: ఒక చిన్న నోటుబుక్కు పెట్టి రోజూ ఎన్ని గంటలకి లేచారు, ఎన్ని గంటలకి పిడికిలి మూయగలిగారు అని రాయించండి. పిల్లలచేత రాయించండి. రేపు డాక్టరుకీ పనికొస్తుంది, తగాదాకీ పనికొస్తుంది.

కొత్త మందులు, బయోలాజిక్స్ అంటారు, వాటి ధర పేదవాళ్ళకి అందదు. 2014 చివర్లో అదాలిముమాబ్ అనే మందుకి నకలు మందుని మన దేశంలోనే జైడస్ కంపెనీ తెచ్చాక ధర దిగింది, కానీ జీడిపప్పు కూలికి అందేటంత దిగలేదు. అవి వాడేముందు క్షయ ఉందేమో పరీక్షించాలి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో వచ్చింది, విజయనగరంలో 2023లో వచ్చింది. కాలేజీలు వచ్చాయి, సంతోషం. మండల స్థాయిలో ఆసుపత్రికి వారంలో రెండు రోజులైనా ఒక ఫిజియోథెరపిస్టు, వీలైతే స్త్రీ, ఒక గది, నాలుగు చాపలు - నేనడిగేది ఇది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 2021లో మా వృత్తికి కూడా జాతీయ స్థాయిలో చట్టం వచ్చింది. చదువుకున్న పిల్లలు పనిలేక హైదరాబాదు, బెంగుళూరు పోతున్నారు.

అవి వచ్చేదాకా ఊరుకోనక్కర్లేదు. కలిసి చేస్తే మేలని ఇందాక చెప్పాను కదా. రాజాం దగ్గర ఒక ఊళ్ళో పొదుపు సంఘం సమావేశం అయ్యాక స్త్రీలు ఇరవై నిమిషాలు బడి గదిలో తలుపు వేసుకుని చాపలు పరుస్తున్నారు. తొమ్మిది మంది. అందరికీ ఈ జబ్బులు లేవు, ఇద్దరికే ఉన్నాయి. మిగతావాళ్ళు వాళ్ళకి తోడుగా మొదలుపెట్టి, హాయిగా ఉందని మానలేదు. నేను నెలకోసారి వెళ్ళి సరిచేసి వస్తాను. ఇంటి దగ్గర దొరకని తలుపు అక్కడ దొరికింది. పొదుపు మీటింగు అంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు కదా. పొందూరు ఆమె ఛాతీ కొలత ఇప్పుడు మూడుకి వచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదు. పోదు కూడా. రాట్నం దగ్గర గంటకోసారి లేచి గోడకి ఆనుకుని నిలబడి వస్తోంది. తీసేసిన గర్భసంచి ఎలాగూ తిరిగిరాదు, ఆ అప్పు ఇంకా తీరలేదు.

మాటలు చాలు. అందరూ లేవండి, ఆ గోడ దగ్గరికి వెళ్దాం. మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనించండి. గడ్డం పైకెత్తకుండా తల వెనకభాగం ఆనుతుందేమో చూసుకోండి. ఆనకపోతే ఆ సందులో ఎన్ని వేళ్ళు పడుతున్నాయో పక్కనున్నామెని చూడమనండి. బలవంతంగా వెనక్కి నెట్టకండి. వేళ్ళు పట్టినవాళ్ళు పేరు, ఊరు చెప్పకపోయినా ఫరవాలేదు, పొద్దున్న ఎన్ని గంటలకి మెలకువ వస్తోందో మాత్రం నాకు చెప్పి వెళ్ళండి. లేవలేనివాళ్ళు అక్కడే కూర్చోండి, నేనే వస్తాను.